సున్నా వేరు, దొరకలేదు వేరు

జూన్ 2, సోమవారం

బట్టలు రెండు విడతలు. ఇస్త్రీ పదకొండు. ముందు కిటికీలు మూడు తుడిచాను, వెనకవి మిగిలాయి. డబ్బాలు కడిగి ఎండబెట్టాను, ఏడు. మూతలు ఆరే ఉన్నాయి. ఫోన్లు ఒకటి, బావ నుంచి.

"ఏవమ్మా ఆడిటరమ్మా, మీ అక్కని ఇల్లు ఖాళీ చెయ్యమంటున్నారు," అన్నాడు.

నా చేతిలో మూత కింద పడింది. అక్క పోయి ఎనిమిది నెలలు. ఏ ఇల్లు అని అడిగాను. తర్వాత తెలిసింది, ఆయన చెబుతున్నది అక్క బ్లాగు సంగతి. అది ఉన్న సైటు వాళ్ళు ఈ నెల ముప్పయ్యో తేదీతో మూసేస్తున్నారట. ఆలోగా రాసినవన్నీ దింపుకుని ఇంకెక్కడైనా పెట్టుకోకపోతే పోతాయి.

"నాకివన్నీ ఎక్కడొస్తాయమ్మా? దాని పాస్‌వర్డ్ దాని కొలతల పుస్తకంలోనే ఉంది. నువ్వయితే ఒక్కటి తప్పిపోకుండా లెక్కపెడతావు."

సరేనన్నాను. సామాను సర్దడం నాకు కొత్త కాదు.

ఏడో మూత స్టవ్ వెనక దొరికింది.

జూన్ 3

వెనక కిటికీలు. దుప్పట్లు నాలుగు. బ్లాగు తెరవలేదు.

జూన్ 5, గురువారం

దుమ్ము దులపడం, ముందు గది. కూరగాయలు మూడు రోజులకి సరిపడా. మా ఆయన డ్యూటీ చొక్కాకి బొత్తాలు రెండు. మధ్యాహ్నం బావ ఇంటికి.

అక్క గది అలాగే ఉంది. కుట్టు మిషన్ మీద గుడ్డ కప్పి ఉంది. గోడకి కత్తెరలు మూడు, పెద్దది, మధ్యది, దారాలు తెంపేది. కిటికీ పక్కన పాత ల్యాప్‌టాప్. అక్క చిరుగులు కుట్టే కొట్టు నడిపినన్నాళ్ళూ సాయంత్రం ఇంటికొచ్చి దీని ముందే కూర్చునేది. ఆ రోజు వచ్చిన ఒక బట్ట గురించి, దాని చిరుగు గురించి పది పదిహేను వాక్యాలు రాసేది. బ్లాగు పేరు 'కుట్టుపెట్టె'. తొమ్మిదేళ్ళు రాసింది.

బావ రెండు గ్లాసులు టీ పెట్టి తెచ్చాడు. ఒకటి నాకిచ్చి, ముందు గదిలో తన కంప్యూటర్ దగ్గర కూర్చుని ఒక ప్రోగ్రాం తెరిచాడు. అందులో ఒకే ఒక వరస. 'కుట్టుపెట్టె', దాని పక్కన 'కొత్తవి: 0'. కాసేపు చూసి మూసేశాడు.

"ఇదేమిటి బావా?"

"మీ అక్క పెట్టిచ్చింది. అది కొత్తగా ఏమన్నా రాస్తే ఇక్కడ అంకె మారుతుంది. పక్క గదిలో కూర్చుని అదే రాసేది, ఈ గదిలో నాకు అంకె మారేది. ఇంట్లో మొగుడికి చెప్పడానికి ఇంత దూరం తిరిగి రావాలా అని నవ్వేవాణ్ణి."

"మరి ఇప్పుడెందుకు తెరుస్తున్నారు?"

"టీ తాగుతూ చూస్తా. రోజూ."

"సున్నానే కదా."

"సున్నా అంటే ఇంట్లోనే ఉంది, ఇవాళ ఏమీ రాయలేదు, అంతే." గ్లాసు కింద పెట్టాడు. "ఒకరోజు నెట్టు పోయినప్పుడు 'దొరకలేదు' అని వచ్చింది. ఆ రోజు టీ తాగలేదు నేను. సున్నా వేరు తల్లీ, దొరకలేదు వేరు."

టీలో చక్కెర ఎక్కువైంది. మొత్తం తాగేశాను.

ముప్పయ్యో తేదీ తర్వాత అక్కడ 'దొరకలేదు' రాకుండా చూడాలి. ఇదొక్కటే పని. మిగతావన్నీ దీని కిందకే వస్తాయి.

జూన్ 8, ఆదివారం

అల్మరా పై అర. చెప్పులు ఎండలో పెట్టాను.

అక్క రాతల కింద తొమ్మిదేళ్ళుగా అభిప్రాయాలు రాస్తున్న ఒకావిడ ఉంది. 'లైబ్రరీ ఆవిడ' అని సంతకం. ముప్పై ఏళ్ళు గ్రంథాలయంలో పుస్తకాలకి అంకెలు వేసి రిటైరయిందట. ఆవిడకి మెయిల్ రాస్తే మర్నాడే జవాబిచ్చింది. నాకు నచ్చిన జవాబు. పేరాలకి వరస సంఖ్యలు వేసి ఉంది.

"అమ్మా, మీ అక్కగారు రాసినప్పుడల్లా ఆ కబురు చదివేవాళ్ళ దగ్గరికి వెళ్ళడానికి ఒక జాబితా ఉంటుంది, దాన్నే ఫీడ్ అంటారు. మాలాంటివాళ్ళం ముప్పై ఏడుగురం ఆవిడ పేజీకి వెళ్ళి చూడం. మా గుమ్మం దగ్గరికే వస్తుంది. ఆ జాబితా రాసే పద్ధతులు రెండున్నాయి. ఆర్‌ఎస్‌ఎస్ అనేది పాతది, ఆటమ్ దాని తర్వాత వచ్చింది. నన్నడిగితే ఆటమ్ పెట్టమంటాను. అందులో ప్రతి రాతకీ ఎన్ని ఇళ్ళు మారినా మారని గుర్తు ఒకటి ఉండి తీరాలి. మొదట పెట్టిన తేదీ, చివరగా మార్చిన తేదీ వేరువేరుగా రాసుకోవచ్చు. పాతదానిలో ఒక్కో రాతకి తేదీ ఒక్కటే. గుర్తు కూడా ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు."

ఇకమీదట పాతది, కొత్తది అని రాసుకుంటాను.

మేం కుదుర్చుకున్న కొత్త చోటు చిన్నది. రెండూ పెట్టనివ్వరు, ఏదో ఒకటే ఎంచుకోవాలి.

రెండు తేదీలుండటం నాకు నచ్చింది. నేనూ డబ్బాల మీద అలాగే రాస్తాను, నింపిన రోజు, తెరిచిన రోజు.

జూన్ 9, సోమవారం

బట్టలు రెండు విడతలు. గీత గీసి రెండు గడులు చేశాను.

కొత్తది: తేదీలు రెండు. గుర్తు తప్పనిసరి. లైబ్రరీ ఆవిడ సిఫార్సు. చక్కటి పద్ధతి.

పాతది: తేదీ ఒకటి. గుర్తు ఐచ్ఛికం. సులువు.

నిస్సందేహంగా కొత్తదే.

జూన్ 11, బుధవారం

బావ కంప్యూటర్లో కొత్తదాన్ని పెట్టి చూశాను. 'దొరకలేదు' అని వచ్చింది. ఆ ప్రోగ్రాం ఎప్పటిదో, దానికి పాతదొక్కటే చదవడం వచ్చు.

బావ నా వెనకే నిలబడి ఉన్నాడు. "పోనీలే," అని వంటగదిలోకి వెళ్ళి గిన్నెలు కడగడం మొదలుపెట్టాడు. అవి కడిగిన గిన్నెలే. అరలోంచి తీసి మళ్ళీ కడుగుతున్నాడు.

మా ఆయన బస్సు డిపోలో టైమ్‌కీపరు. సాయంత్రం వచ్చాక చెప్పాను.

"కొత్త ప్రోగ్రాం వేసుకోమను మీ బావని. ఇరవై ఏళ్ళ బస్సు నడవనంటే రోడ్డు మారుస్తామా?"

"మీ డిపోలో ఆ పదో నంబరు బండి ఇంకా ఎందుకుంచారు మరి?"

"దాని సంగతి వేరు. దాని డ్రైవరు వేరే బండి ఎక్కనంటాడు."

ఆయన కంచం ముందుకు లాక్కున్నారు. తనన్న మాట తనకే వినపడినట్టుంది.

నిర్ణయం: పాతది. కారణం: సులువు.

జూన్ 14, శనివారం

ఇస్త్రీ తొమ్మిది. నీళ్ళ ఫిల్టరు మార్చాను.

సామాను కొత్త చోటికి చేరింది. బావ ప్రోగ్రాంలో కొత్త చిరునామా పెట్టాను, ఆ ముప్పై ఏడుగురికీ లైబ్రరీ ఆవిడ చెప్పింది. ఇప్పుడు ఒక్కొక్కటీ సరిచూస్తున్నాను. శీర్షిక, తేదీ, బొమ్మ వచ్చిందా లేదా. చదవడం కాదు, సరిచూడటమే. చూసినవి 60.

జూన్ 16, సోమవారం

బట్టలు ఒక విడతే. చూసినవి 55. చూస్తూ చూస్తూ రెండు చదివాను.

ఒకటి కండక్టరు కోటు గురించి. 'జేబు మూడోసారి చిరిగింది. చిల్లర బరువుకి కాదు. ఎవరన్నా గట్టిగా మాట్లాడితే ఈయన చెయ్యి జేబులో దాక్కుంటుంది. ఈసారి జేబుకి రెండు పొరలు వేశాను. ఆయన గొంతుకి వేయలేను కదా.'

అక్క మాట్లాడినట్టే ఉంది. సూది పెదాల మధ్య పెట్టుకుని మాట్లాడేది. మాట ఎప్పుడూ ఒక పక్కనుంచే వచ్చేది. అమ్మ తిట్టేది, ఏదో ఒకరోజు మింగుతావే అని. నేను పుస్తకం మీంచి తల ఎత్తకుండా, "మింగితే పొట్ట కుట్టుకుంటుందిలే అమ్మా," అనేదాన్ని. అక్క నవ్వాపుకోలేక సూది తీసి చేతిలో పట్టుకునేది. నవ్వాలంటే దానికి ముందు సూది తియ్యాలి. అందుకే అది నవ్వబోతోందని మాకు ఒక క్షణం ముందే తెలిసేది.

రెండోది చదివిన సంగతి రాయను.

తొమ్మిదేళ్ళు ప్రతిసారీ అడిగింది, చదువుతున్నావా అని. చదువుతున్నానే అనేదాన్ని. పనులు ఉండేవి. ఒక్కోసారి మొదటి రెండు లైన్లు చూసేదాన్ని. అది కూడా చదవడమే కదా.

జూన్ 19, గురువారం

చీపుర్లు రెండూ కడిగి ఆరబెట్టాను. బీరువా కింద అర. చూసినవి: అన్నీ.

లెక్క కుదరలేదు. పాత చోట మొత్తం 418. కొత్త చోట బయటికి కనపడేవి 412. ఆరు తేడా. మధ్యాహ్నమంతా వెతికాను. చివరికి దొరికాయి. కొత్త చోటే లోపలి జాబితాలో ఒక మూల బూడిదరంగు అక్షరాల్లో ఆరు పడి ఉన్నాయి, బయటికి రాకుండా. తెచ్చేటప్పుడు ఎక్కడో ఇరుక్కుని ఉంటాయి. ఆరింటికీ పక్కన గడిలో టిక్కు పెట్టి, 'ప్రచురించు' నొక్కాను. రంగు వచ్చాయి.

418కి 418.

చాలా రోజుల తర్వాత హాయిగా ఉంది. టీ పెట్టుకున్నాను.

జూన్ 20, శుక్రవారం

పొద్దున ఎనిమిదింటికి బావ ఫోన్. బట్టలు ఇంకా నానబెట్టలేదు.

"మీ అక్క ఆరు రాసింది."

నాకు అర్థం కాలేదు.

"టీ తెచ్చుకుని కూర్చున్నా. కొత్తవి ఆరు అని ఉంది. నిన్నటి తారీకు. నాకేం పిచ్చి పట్టలేదులే, కంగారు పడకు. నువ్వేదో నొక్కి ఉంటావు. కానీ ఆరు అని ఉంది. ఎనిమిది నెలలుగా సున్నా చూస్తున్న కళ్ళు. గ్లాసు ఎక్కడ పెట్టానో తెలీలేదు, తర్వాత చూస్తే చేతిలోనే ఉంది."

"బావా, తప్పు నాది. ఇప్పుడే తీసేస్తాను."

"తీసేస్తావా?"

"పొరపాటున—"

"ఒక్కటి కూడా తియ్యకు. చదివాను. అయిదు పూర్తిగా ఉన్నాయి. ఆరోది మధ్యలో ఆగింది. నీలం గౌను. అది నీకు తెలిసిందేనా?"

తెలీదన్నాను. ఎందుకలా అన్నానో తెలీదు.

"తెలుసుకుని చెప్పు. మిగతా సగం ఎప్పుడొస్తుందో." ఫోన్ పెట్టేశాడు.

అదే రోజు, సాయంత్రం

ఆ ఆరూ దారిలో ఇరుక్కున్నవి కావు. చిత్తుప్రతులు. అక్క రాసి, బయట పెట్టకుండా దాచుకున్నవి. బూడిదరంగు అందుకే. 'సరిచూసినప్పుడు' ఒక్కటి తెరిచి చదివినా తెలిసేది. శీర్షిక చూశాను, తేదీ చూశాను, లెక్క కుదిర్చాను.

నేను నొక్కిన రోజే తేదీగా పడింది. ముప్పై ఏడుగురికీ వెళ్ళాయి. ఇక్కడ తుడిచినా వాళ్ళ దగ్గర ఉంటాయి. గుమ్మంలో పడ్డ ఉత్తరాన్ని వెనక్కి లాక్కోలేం.

ఆరోది ఇదీ. కాపీ చేసుకుంటున్నాను.

'మా చిన్నప్పుడు నాకొక నీలం గౌను ఉండేది. తెల్ల బొత్తాలు ఆరు. బడి వార్షికోత్సవంలో పాటకని కొత్తగా కుట్టించారు. పాట మూడో చరణంలో చేతులు పైకెత్తాలి. ఎత్తాను. ఎవరో నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. చంక కింద జానెడు చిరుగు. నాకు కనపడదు, హాలంతటికీ కనపడుతుంది. పాట ఆపకుండా పాడాను. ముందు వరసలో మా చెల్లి కూర్చుని ఉంది. అంత హాలులో అది ఒక్కతే నవ్వలేదు. అప్పుడే నాకు'

అంతే. 'అప్పుడే నాకు' దగ్గర ఆగిపోయింది. చుక్క కూడా లేదు.

బట్టలు నానబెట్టడం మర్చిపోయాను.

జూన్ 21, శనివారం

బట్టలు రెండు విడతలు (నిన్నటిది కలిపి).

లైబ్రరీ ఆవిడకి జరిగింది రాశాను. జవాబు, వరస సంఖ్యలతో.

"ఒకటి: బాధపడకండి. ముప్పై ఏళ్ళలో నేనూ ఒక పుస్తకానికి తప్పు అంకె వేశాను. ఆ తప్పు అర దగ్గరే ఒకాయన దాన్ని చూసుకుని తీసుకెళ్ళాడు. రెండు: నాకూ అందాయి ఆరూ. మిగతా సగం కోసం నేనూ చూస్తున్నాను. మూడు: మీరు పాత చోటి నుంచి దింపుకున్న ఫైలు ఆటమ్ పద్ధతిలోనే ఉంటుంది. అందులో ప్రతిదానికీ రెండు తేదీలు ఉంటాయి, చూడండి. ఎప్పుడు రాశారో తెలుస్తుంది."

చూశాను. నీలం గౌను మొదలుపెట్టిన తేదీ, బ్లాగు తెరిచిన నాలుగో రోజు. తొమ్మిదేళ్ళ క్రితం.

చివరగా మార్చిన తేదీ, పోయిన సెప్టెంబరు 28.

నా పాత డైరీ తీసి చూశాను. సెప్టెంబరు 28: 'తువ్వాళ్ళు ఆరు. అక్కని చూడటానికి వెళ్ళాను, కమలాలు ఆరు తీసుకెళ్ళాను. గంటన్నర. బాగానే ఉంది.'

బాగానే ఉంది అని రాసుకున్నాను. మంచం మీద దిండుకి ఆనుకుని కూర్చుంది. ఒళ్ళో ల్యాప్‌టాప్ తెచ్చిపెట్టమంది. కమలా తొనలు వలిచి ఇస్తుంటే ఒక్కొక్కటి నోట్లో పెట్టుకుని, అడిగింది, "చదువుతున్నావా?"

"చదువుతున్నానే. బాగుంటాయి."

"ఏది బాగుంది?"

"అన్నీ."

సూది లేదు కదా, నవ్వేసింది. చెప్పాపెట్టకుండా వచ్చిన నవ్వు.

నేను వెళ్ళాక ఆ రోజే దీన్ని తెరిచింది. ఏం మార్చిందో ఫైలు చెప్పదు. తేదీలు రెండే చెబుతుంది.

జూన్ 22

ఇస్త్రీ పన్నెండు. పరదాలు నాలుగు.

జూన్ 23

స్టవ్ మొత్తం విప్పి తోమాను. డబ్బాలు మళ్ళీ కడిగాను, ఏడు. మూతలు ఏడు. గడియారం సెల్లు. మెట్లు. గోడ మీద స్విచ్చులు, పద్నాలుగు.

మా ఆయన, "ఇంకోసారి తుడిస్తే సున్నం పోయి ఇటుకలు బయటపడతాయోయ్," అన్నారు.

జూన్ 25, బుధవారం

చెయ్యడానికి పని లేదు. బావ వచ్చాడు.

చెప్పుల దగ్గరే మొదలుపెట్టాడు. "పేటలో ముగ్గురు అడిగారు నన్ను. లాండ్రీ ఆయన, మందుల షాపు అమ్మాయి, ఆ కండక్టరు. మిగతా సగం ఎప్పుడండీ అని. నేనేం చెప్పను?"

"రాయలేదు కదా బావా అక్క. లేనిది ఎక్కణ్ణించి తేను?"

"నువ్వు ముందు వరసలో కూర్చున్నావటగా."

టీ పొంగింది. స్టవ్ మొన్ననే తోమాను.

బావ తుడవడానికి లేచి గుడ్డ అందుకున్నాడు. "నీకో మాట చెప్పనా? నువ్వు చదవవని దానికి తెలుసు."

"ఎవరు చెప్పారు?"

"ఎవరు చెప్పాలి? నేనే ఒకసారి కోప్పడ్డాను, మీ చెల్లెలు ఒక్క ముక్క చదవదు, ఎందుకు అడుగుతావు మాటిమాటికీ అని. 'అబద్ధం చెప్పేటప్పుడు దాని గొంతు చిన్నప్పటిలా అయిపోతుందండీ, అది వినడానికి అడుగుతాను' అంది."

కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. ఎదురింటి వాళ్ళ గేటు ఇనప ఊచలది. పైన మొనలుంటాయి. మా బడి గేటూ అలాగే ఉండేది.

"బావా, గౌను చింపింది నేను."

ఆయన స్టవ్ తుడుస్తూనే ఉన్నాడు.

"ముందురోజు అక్క నిద్రపోతుంటే వేసుకుని బడి గేటెక్కి ఊగాను. మొనకి తగిలి చిరిగింది. చిరుగు లోపలికి వచ్చేలా మడత పెట్టి పెట్టెలో అడుగున పెట్టేశాను. ఇప్పుడు దుప్పట్లు మడత పెడతాను చూడండి, అంచులు కలిపి, అలా. అంత నీటుగా. దాన్ని అలాగే తీసి వేసుకుంది. అమ్మ దాన్నే తిట్టింది, చూసుకోకుండా వేసుకున్నావా అని. నేను పక్కన కూర్చుని పెన్సిలు చెక్కుకుంటున్నాను. పెన్సిలు మొత్తం అయిపోయింది."

"తర్వాత?"

"తర్వాత అక్క సూది అడిగింది అమ్మని. అప్పటిదాకా పట్టుకోలేదు. నీలం దారం లేదు ఇంట్లో. నల్లదానితోనే కుట్టింది. వంకరగా. ఆ గౌను తర్వాత నాకే వచ్చింది, రెండేళ్ళు వేసుకున్నాను. చెయ్యెత్తినప్పుడల్లా ఆ కుట్టు గుచ్చుకునేది."

బావ గుడ్డ పిండి ఆరేశాడు. "నాకు చెప్పి ఏం లాభం? నేను చదివేవాణ్ణి. అక్కడ రాయి."

గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగాడు. "ముప్పైలోగా అయితే బాగుణ్ణు, ఆడిటరమ్మా. ఆ పాత కొంప కూడా చూసి పోతుంది."

జూన్ 26

పాత పద్ధతి ఎంచుకోవడానికి కారణం 'సులువు' అని రాసుకున్నాను 11న. తప్పు పద్దు. దిద్దుతున్నాను. కారణం: బావ టీ.

అలాగే 14న 'చదవడం కాదు, సరిచూడటమే'. అదీ దిద్దుబాటు. చూసినవి 418. చదివినవి 16న రెండు, 20న ఆరు. చదవాల్సినవి 410.

ఈ రోజు చదివినవి 120. వంట ఒక్కటే చేశాను, అదీ మాడింది.

జూన్ 27

చదివినవి 135. మిగిలినవి 155. మా ఆయన అన్నం తనే వండుకుని నాకూ పెట్టారు. ఉప్పు లేదు. ఇద్దరం చెప్పుకోలేదు.

గొడుగు గుడ్డ గురించి ఒకటి ఉంది. స్వెటరు మోచేతుల గురించి ఒకటి: 'రెండు మోచేతులూ ఒకేలా అరిగాయంటే కిటికీలో కూర్చుని ఎవరికోసమో చూసే మనిషి.' వందల బట్టలు. ఎక్కడా ఎవరినీ, ఎందుకు చింపుకున్నావు అని అడగలేదు.

జూన్ 28, శనివారం

రాశాను. నాలుగుసార్లు రాశాను. మొదటిది లెక్కల చిట్టాలా ఉంది. రెండోదానిలో ఏడుపు ఎక్కువైంది. మూడోది తుడిచేశాను. నాలుగోది ఉంచాను.

పాత పద్ధతిలో తేదీ ఒక్కటే పడుతుంది. అందుకని పైన చేత్తో రాశాను: 'అక్క మొదలుపెట్టింది తొమ్మిదేళ్ళ క్రితం. చివరిసారి తెరిచింది పోయిన సెప్టెంబరు 28. మిగతా సగం రాస్తున్నది చెల్లి.' యంత్రం రాయనిది మనిషి రాయచ్చు కదా.

గేటు, మొన, మడత, పెన్సిలు, అన్నీ ఉన్నాయి. చివర ఇలా ముగించాను:

'అప్పుడే నీకు ఏం తెలిసిందో నాకు తెలుసక్కా. నవ్వనిదాన్ని చూసి తెలుసుకున్నావు. అయినా అమ్మ తిడుతుంటే నా వైపు వేలు చూపలేదు. సూది అడిగావు. తొమ్మిదేళ్ళు ఈ చిరుగు తెరిచి చూసి, మళ్ళీ మడత పెట్టి లోపల పెట్టావు. నాకంటే నీటుగా. ఇక మడత విప్పుతున్నాను. చింపింది నేను.'

ఇంకా నొక్కలేదు.

జూన్ 29, ఆదివారం

చదివినవి 154. మిగిలింది ఒకటి.

అది ఆ ఆరింటిలోది కాదు, వరసలో చివరిదీ కాదు. మధ్యలో ఎక్కడో, నాలుగేళ్ళ క్రితంది. పొద్దున మా ఆయన పిలిస్తే దాటేసినట్టున్నాను, లెక్కలో ఒకటి తగ్గితే వెనక్కి వెళ్ళి పట్టుకున్నాను. శీర్షిక 'మొదటి కుట్టు'.

'ఈ పని ఎలా నేర్చుకున్నారని అడుగుతుంటారు. చిన్నప్పుడు ఎవరో నా గౌను చింపారు. ఆ చిరుగు లేకపోతే నేను సూది పట్టేదాన్నే కాదు. ఈ కొట్టు ఉండేది కాదు, మీరెవరూ నాకు తెలిసేవాళ్ళు కాదు. చింపినవాళ్ళు బాకీ పడ్డామనుకుంటున్నారేమో. బాకీ నాదే.'

నాలుగేళ్ళుగా బయటే ఉంది ఇది. అందరికీ కనపడేలా. ఆ రోజు కూడా అడిగి ఉంటుంది, చదువుతున్నావా అని.

సాయంత్రం అయిదుంపావుకి నొక్కాను.

జూన్ 30, సోమవారం

బట్టలు రెండు విడతలు. ఇస్త్రీ ఎనిమిది. ముందు కిటికీలు మూడు, వెనకవి రెండు. ఫోన్లు ఒకటి.

"ఒకటి వచ్చింది," అన్నాడు బావ.

"చదివారా?"

"రెండుసార్లు. టీ చల్లారిపోయింది, మళ్ళీ పెట్టుకున్నా." గ్లాసు చప్పుడు. "కుట్టు కాస్త వంకరగా ఉందిలే. మొదటిసారి కదా."

"నల్ల దారంతో కుట్టాను బావా."

"అదే. కనపడుతోంది. రేపు ఎంత ఉంటుందంటావు?"

"సున్నా."

"సరే. సున్నా అయితే పర్లేదు."

పాత చోటు మధ్యాహ్నం పన్నెండుకి మూసేశారు. వెళ్ళి చూశాను, 'దొరకలేదు' అని ఉంది. బావ ప్రోగ్రాం చూసేది ఇప్పుడు కొత్త చోటుని. లైబ్రరీ ఆవిడ నా రాత కింద ఒకే వాక్యం రాసింది, సంఖ్య లేకుండా: 'సరైన అర దగ్గర దొరికింది.'

మొత్తం 419. చదివినవి 419. మిగిలినవి 0.

అక్క పేరున ఒక పేజీ తీశాను. ఇవ్వాల్సింది ఎవరు, రావాల్సింది ఎవరికి అని రెండు గడులు గీసి, ఏ గడిలో రాయాలో తేలక చాలాసేపు కూర్చున్నాను. చివరికి రెండింటి మీదుగా ఒకే గీత కొట్టాను.

బాకీ: చెల్లు.